సొంత పని చేసుకునేవారు హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకోవడం ఎలా? మొదటి అడుగు నుంచి క్లెయిమ్ దాకా

ఉద్యోగం చేసేవారు ఆసుపత్రిలో చేరితే కంపెనీ ఇచ్చిన కార్డు చూపిస్తారు, సెలవు పెడతారు, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. దుకాణం నడుపుకునేవారికి, ఫ్రీలాన్స్ పని చేసేవారికి, ట్యూషన్లు చెప్పుకునేవారికి, సొంత ఆటో నడిపేవారికి ఆ కార్డూ ఉండదు, ఆ సెలవూ ఉండదు. మంచం మీద ఉన్నన్నాళ్లూ బిల్లు పెరుగుతూ ఉంటుంది, రాబడి ఆగిపోయి ఉంటుంది. ఈఎస్‌ఐ కూడా వర్తించదు. అది నెలకు 21,000 రూపాయల లోపు వేతనం తీసుకునే ఉద్యోగుల కోసం పెట్టిన ఏర్పాటు.

పాలసీలు పోల్చే వెబ్‌సైట్లు వాటిని ప్రీమియం ప్రకారమో, ఫీచర్ల సంఖ్య ప్రకారమో పేర్చి చూపిస్తాయి. మనకు ఆ వరస పెద్దగా ఉపయోగపడదు. పని సరిగ్గా సాగని ఏడాది కూడా ప్రీమియం ఆపకుండా కట్టగలగాలి. క్లెయిమ్ రోజున షరతుల పేరుతో కోతలు పడకూడదు. ఈ రెండూ కుదిరిన పాలసీని వెతికి పట్టుకోవడమే మన పని. అదీ ఒంట్లో బాగున్నప్పుడే చేయాలి, ఎందుకంటే జబ్బు బయటపడ్డాక ఎంచుకునే వీలు మన చేతిలోంచి కంపెనీ చేతిలోకి వెళ్లిపోతుంది.

మొదటి అడుగు: ఇప్పటికే ఏముందో చూసుకోండి

భార్యకో భర్తకో ఉద్యోగం ఉంటే వాళ్ల కంపెనీ పాలసీలో మీ పేరు ఉందో లేదో, ఎంత మొత్తానికి ఉందో కనుక్కోండి. ఉంటే మంచిదే కానీ దాని మీదే ఆధారపడకండి. ఆ ఉద్యోగం పోయిన రోజునే ఈ రక్షణా పోతుంది.

మీరే ఈ మధ్య ఉద్యోగం మానేసి సొంత పని మొదలుపెడుతున్నారా? అయితే రాజీనామా చేసే ముందే హెచ్ఆర్‌ను ఒక మాట అడగండి: కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూప్‌లో మీరు గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ రావడానికి ముందు ఆగాల్సిన గడువు) లెక్కలో కలుస్తుంది. షుగర్, బీపీ ఉన్నవారికి ఇది చాలా విలువైన అవకాశం. ఉద్యోగం వదిలేశాక గుర్తొస్తే ఆలస్యమైపోతుంది.

ఇక ప్రభుత్వ పథకాలు. ఆయుష్మాన్ భారత్ కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అందుతుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఈ పథకం వర్తిస్తోంది. ప్రైవేటు పాలసీ ఉన్నా నమోదు చేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్లకు ఆ కార్డు చేయించండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. వీటిలో నిర్ణీత చికిత్సల జాబితా, నమోదైన ఆసుపత్రుల జాబితా ఉంటాయి. అర్హత ఉంటే తప్పకుండా వాడుకోండి, పాలసీ మాత్రం విడిగా ఆలోచించండి.

రెండో అడుగు: ఎవరికి, ఎంత?

భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోవడం మామూలు పద్ధతి. ఒకే మొత్తాన్ని ఇంటిల్లిపాదీ వాడుకుంటారు, ఖర్చు తగ్గుతుంది. తల్లిదండ్రులను మాత్రం అందులో కలపకండి. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవారి వయసు బట్టి లెక్క కడతారు. 68 ఏళ్ల నాన్నగారి పేరు చేరిస్తే 35 ఏళ్ల మీకూ ఆ భారం పడుతుంది. పైగా ఆయనకు ఒక పెద్ద ఆపరేషన్ అయితే ఆ ఏడాది మిగతావాళ్లకు మిగిలేది తక్కువ. పెద్దవాళ్లకు విడి పాలసీయే మేలు. 2024 ఏప్రిల్ నుంచి వయసు పేరు చెప్పి కొత్త పాలసీకి తలుపులు మూసే 65 ఏళ్ల పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తీసేసింది. 2025 జనవరిలో ఇంకో ఆదేశం ఇచ్చింది: 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఆ సంస్థను సంప్రదించాలి.

ఎంత మొత్తానికి తీసుకోవాలన్నది మీరు ఏ ఆసుపత్రికి వెళ్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ ఇంటికి దగ్గర్లో, నిజంగా అవసరం పడితే చేరే ఆసుపత్రిలో గుండె స్టెంటుకు, మోకాలి మార్పిడికి సుమారు ఎంతవుతుందో ఫోన్ చేసి అడగండి. పేషెంట్ వివరాలు లేకపోయినా ప్యాకేజీ రేటు చెప్తారు. దాని మీద పదేళ్ల పెరుగుదలను ఊహించుకోండి. పెద్ద నగరంలో ఉండే నలుగురి కుటుంబానికి 10 లక్షల కంటే తక్కువ పాలసీ చాలదని నా అభిప్రాయం.

అంత ప్రీమియం భరించలేమనుకునేవారికి ఒక దారి ఉంది: 5 లక్షల మామూలు పాలసీ, దానిపైన సూపర్ టాప్-అప్. సూపర్ టాప్-అప్‌లో డిడక్టిబుల్ అని ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటిన ఖర్చు మాత్రమే అది చెల్లిస్తుంది. అందుకే చవకగా వస్తుంది. ఇక్కడ టాప్-అప్, సూపర్ టాప్-అప్ ఒకటే అనుకుని చాలామంది తప్పు పాలసీ కొంటున్నారు. తేడా ఇదీ: డిడక్టిబుల్ 5 లక్షలు అనుకుందాం. ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు, ఒకసారి 4 లక్షలు, ఇంకోసారి 3 లక్షలు అయింది. మామూలు టాప్-అప్ ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది. రెండూ 5 లక్షల లోపే కాబట్టి రూపాయి కూడా రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం కలిపి 7 లక్షలు అని చూస్తుంది, గీత దాటిన 2 లక్షలు ఇస్తుంది. పేరులో ‘సూపర్’ ఉందో లేదో మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు, డిడక్టిబుల్ ఏడాది మొత్తానికి లెక్కిస్తారని రాసి ఉందో లేదో చూడండి.

మూడో అడుగు: షరతులు. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ప్రతి పాలసీకి కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొన్ని పేజీల పత్రం ఇవ్వాలి. కొనే ముందే అడిగి తీసుకోండి. బ్రోచర్ పక్కన పెట్టి దీన్ని చదవండి.

మొట్టమొదట చూడాల్సింది రూమ్ రెంట్ పరిమితి. ‘బీమా మొత్తంలో రోజుకు 1 శాతం’ అని ఉంటే 5 లక్షల పాలసీకి రోజుకు 5,000. ఆసుపత్రిలో ఆ ధరకు గది దొరక్క 8,000 గదిలో చేరారనుకోండి. మిగతా 3,000 చేతినుంచి పెట్టుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. అలా జరగదు. గది అద్దెతో ముడిపడిన డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీ, నర్సింగ్ ఛార్జీ అన్నిట్లోనూ అదే నిష్పత్తిలో కోత పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. నాలుగు రోజులు ఉన్నారు. గది అద్దె 32,000. డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంటు కలిపి 90,000. మొత్తం బిల్లు 2,82,000. అర్హత 5,000, తీసుకున్నది 8,000, అంటే ఎనిమిదింట ఐదు వంతులే చెల్లుతుంది. గది అద్దెలో 20,000, డాక్టరు ఛార్జీల్లో 1,00,000 వస్తాయి. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద ఈ కోత వేయకూడదని నియమం ఉంది, కాబట్టి 90,000 పూర్తిగా వస్తుంది. వచ్చేది 2,10,000. మీ జేబులోంచి 72,000. గది తేడా చూస్తే 12,000 మాత్రమే! బీమా మొత్తం చాలినంత ఉండి కూడా ఇంత డబ్బు చేతినుంచి పెట్టాల్సి వస్తుంది. అందుకే రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీ, లేదా కనీసం ‘సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్’ అని రాసి ఉన్న పాలసీ తీసుకోండి. ప్రీమియం కాస్త ఎక్కువైనా సరే. మిగతా ఆకర్షణలన్నీ వదులుకుని అయినా ఇది తీసుకోవచ్చు.

రెండోది కో-పే. ప్రతి క్లెయిములో ఇంత శాతం మీరు పెట్టుకోవాలన్న షరతు. 20 శాతం కో-పే ఉంటే 6 లక్షల బిల్లుకు 1,20,000 మీది. పెద్దవాళ్ల పాలసీల్లో ఇది తప్పకపోవచ్చు. యువ కుటుంబానికి అక్కర్లేదు. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే కో-పే పడుతుంది. ప్రీమియం తగ్గుతుందని సొంతూరి చిరునామా ఇచ్చేవాళ్లున్నారు. వైద్యానికి నగరానికే వెళ్లేటట్టయితే ఆ పని చేయకండి.

మూడోది సబ్ లిమిట్. కంటిశుక్లం, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటి వాటికి మొత్తం పాలసీతో సంబంధం లేకుండా విడిగా పెట్టే పరిమితి. రోబోటిక్ సర్జరీ, ఇమ్యునోథెరపీ లాంటి కొత్త చికిత్సలకూ ఇలాంటి పరిమితులు ఉండొచ్చు. క్యాన్సర్ చికిత్సలో ఇవి పెద్ద తేడా తెస్తాయి.

ఇక వెయిటింగ్ పీరియడ్‌లు. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిమ్ రాదు. కిడ్నీ రాళ్లు, పైల్స్, హెర్నియా, కంటిశుక్లం వంటి జాబితాకు సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందు నుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 నెలలుండేది. ప్రీమియం కొంచెం ఎక్కువ కడితే ఈ గడువును తగ్గించే రైడర్లు (పాలసీకి జతచేసుకునే అదనపు భాగాలు) కొన్ని కంపెనీలు ఇస్తాయి. షుగర్ ఉన్నవారు వాటి ధర అడిగి చూడాలి. కాన్పు ఖర్చు కావాలనుకుంటే దానికీ విడిగా వెయిటింగ్ ఉంటుంది, పెళ్లయిన కొత్తలోనే చూసుకోవాలి.

చేతి గ్లోవ్స్, మాస్కులు, ఇలాంటి చిన్న చిన్న వస్తువుల ఖర్చు మామూలుగా రాదు. చెల్లించనవసరం లేని వస్తువుల జాబితాలో 68 ఉన్నాయి. విడివిడిగా చిన్నవే, ఎక్కువ రోజులు ఐసీయూలో ఉంటే మాత్రం మొత్తం బాగానే తేలుతుంది. కన్స్యూమబుల్స్ రైడర్ చవకగా దొరికితే జతచేసుకోండి.

రీస్టోరేషన్, నో క్లెయిమ్ బోనస్, ఉచిత హెల్త్ చెకప్, జిమ్ పాయింట్లు... ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేవి ఇవే. రీస్టోరేషన్ (వాడుకున్న బీమా మొత్తం మళ్లీ నిండడం) ఒక్కటి చూడదగ్గది. అదే మనిషికి, అదే జబ్బుకు కూడా మళ్లీ నిండుతుందా లేదా అన్నది అడగండి. మిగతావి ఉంటే ఉండనీయండి, వాటి కోసం ఎక్కువ కట్టొద్దు.

షరతులు చదివే ఓపిక లేనివారికి ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో దీన్ని అమ్ముతున్నాయి, ప్రీమియం మాత్రమే వేరు. 5 శాతం కో-పే ఉంటుంది. గది అద్దెకు బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు గరిష్ఠంగా 5,000 అనే పరిమితి ఉంటుంది. పైన చెప్పిన లెక్క చూశాక ఇది నగరంలో ఎంత వరకు చాలుతుందో మీకే తెలుస్తుంది. చిన్న పట్టణంలో, తక్కువ రాబడితో ఉన్నవారికి మాత్రం ఏమీ లేకపోవడం కంటే ఇది ఎంతో నయం.

నాలుగో అడుగు: ప్రపోజల్ ఫారం (పాలసీ దరఖాస్తు) మీరే నింపండి

‘షుగర్ ఉందని రాస్తే పాలసీ రాదు సార్, నేను చూసుకుంటాను’ అని చెప్పే ఏజెంటు దగ్గర కొనకండి. క్లెయిమ్ తిరస్కరించే రోజున ఆయన పక్కన ఉండడు. ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు, సంతకం మీది.

ఆసుపత్రిలో చేరగానే డాక్టరు రాసే కేస్ షీటులో ‘ఆరేళ్లుగా బీపీ’ అని ఒక ముక్క ఉంటుంది. మీరో, మీ ఇంట్లోవాళ్లో చెప్పిందే అది. కంపెనీ దాన్ని మీ ఫారంతో పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఫారంలో బీపీ లేదని ఉంటే గొడవ మొదలవుతుంది. గుండె నొప్పికి వచ్చిన క్లెయిమే కాదు, పాలసీయే రద్దయ్యే ప్రమాదం ఉంది. అందుకే మందులు వాడే ప్రతి జబ్బూ, చేయించుకున్న ప్రతి ఆపరేషనూ, సిగరెట్, మందు అలవాట్లూ, థైరాయిడ్ మాత్ర దాకా అన్నీ రాయండి. పాలసీ ఇచ్చే ముందు ఫోన్‌లో డాక్టరు అడిగే ప్రశ్నలకూ అవే జవాబులు చెప్పండి. ఆ కాల్ రికార్డవుతుంది.

నిజం చెప్తే జరిగేది ఏమిటి? ప్రీమియం కొంత పెంచుతారు, లేదా ఆ జబ్బుకు వెయిటింగ్ పెడతారు, లేదా ఇవ్వమంటారు. ఒక కంపెనీ ఇవ్వనన్నది ఇంకొకటి ఇవ్వొచ్చు. పాలసీ ఆపకుండా 60 నెలలు కొనసాగిస్తే, ఆ తర్వాత వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు, మోసం రుజువైతే తప్ప. మారటోరియం అనే ఈ గడువు ముందు ఎనిమిదేళ్లుండేది. దీన్ని అడ్డం పెట్టుకుని ‘అయిదేళ్లు దాచేస్తే చాలు’ అని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ఆ అయిదేళ్లలో ఏమీ జరగదని ఎవరు పూచీ?

పని గురించి అడిగిన చోట కూడా నిజమే రాయండి. వెల్డింగ్, ఎలక్ట్రికల్ పని, డ్రైవింగ్ చేసేవారు ‘వ్యాపారం’ అని రాసి ఊరుకుంటే ప్రమాద బీమాలో చిక్కు వస్తుంది.

అయిదో అడుగు: ప్రీమియం మీ రాబడి తీరుకు సరిపోవాలి

నెల జీతం ఉన్నవారికి ప్రీమియం ఒక ఖర్చు. మనకు అది ఏడాది రాబడి ఎగుడుదిగుడుల మధ్య దాటాల్సిన తేదీ. సీజన్ వ్యాపారం అయితే పాలసీ మొదలయ్యే తేదీని డబ్బు చేతిలో ఆడే నెలకు పెట్టుకోండి. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ మూఢంలో రెన్యువల్ పెట్టుకుంటే ప్రతి ఏడాదీ టెన్షనే. ప్రీమియం కోసం విడిగా ఒక రికరింగ్ డిపాజిట్ తెరిచి నెలనెలా పన్నెండో వంతు వేయడం మంచి అలవాటు. బాగా సాగిన ఏడాదిలో రెండు మూడేళ్ల ప్రీమియం ఒకేసారి కడితే చాలా కంపెనీలు తగ్గింపు ఇస్తాయి, మధ్యలో రేటు పెరిగినా మీకు తగలదు.

వాయిదాల్లో కట్టే వీలూ ఉంది. నెలవారీ వాయిదాకు 15 రోజులు, మూడు నెలల, ఆరు నెలల, ఏడాది చెల్లింపులకు 30 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. పాలసీ ఏడాది నడుస్తుండగా వాయిదా ఆలస్యమైతే గ్రేస్ రోజుల్లోనూ రక్షణ ఉంటుంది. పాలసీ ఏడాది ముగిశాక రెన్యువల్ ఆలస్యమైతే, గ్రేస్‌లో కడితే వెయిటింగ్ పీరియడ్ లెక్క పోదు, కానీ డబ్బు కట్టని ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. గ్రేస్ కూడా దాటిపోతే అన్నేళ్ల లెక్కా సున్నా నుంచి మొదలు. ప్రీమియం కట్టలేని పరిస్థితి వస్తే పాలసీ వదిలేయకండి. బీమా మొత్తం తగ్గించమనో, రైడర్లు తీసేయమనో రెన్యువల్ సమయంలో అడగండి. చిన్న పాలసీ అయినా కొనసాగితే గడిచిన ఏళ్లు మీ ఖాతాలోనే ఉంటాయి.

పన్నుల సంగతి. వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. అంతకు ముందు 18 శాతం ఉండేది. గ్రూప్ పాలసీల మీద మాత్రం ఉంది. బ్యాంకు ఖాతాతోనో, ఏదో సంఘం సభ్యత్వంతోనో చవకగా వచ్చేవి చాలావరకు గ్రూప్ పాలసీలే. ఆ సంఘం, ఆ బ్యాంకు ఒప్పందం ఆపేస్తే మీ పాలసీ కూడా ఆగుతుంది. దీన్ని అదనంగా ఉంచుకోవచ్చు, అసలు పాలసీగా పెట్టుకోకూడదు.

ఆదాయపు పన్నులో 80డి పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు ఉంది: మీకు, భార్య లేదా భర్తకు, పిల్లలకు కలిపి 25,000 దాకా, తల్లిదండ్రుల ప్రీమియానికి విడిగా 25,000, వాళ్లు సీనియర్ సిటిజన్లయితే 50,000. ఇది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. ప్రీమియం నగదుగా కడితే రాదు, యూపీఐ, కార్డు, చెక్కు ఏదైనా సరే. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. జీతగాళ్లలా ప్రతి ఏడాదీ పాత, కొత్త విధానాల మధ్య అటూ ఇటూ మారే వీలు మనకు లేదు. పాత విధానంలోకి వెళ్లి ఒకసారి కొత్తదానికి తిరిగొస్తే, ఆ వ్యాపారం ఉన్నన్నాళ్లూ మళ్లీ పాతదానికి వెళ్లలేరు. 25,000 మినహాయింపు కోసం తొందరపడి విధానం మార్చకండి, ఆడిటర్‌తో మొత్తం లెక్క వేయించుకోండి. సొంత కుటుంబం పాలసీ ప్రీమియాన్ని దుకాణం ఖర్చుగా రాయడమూ కుదరదు. మీ దగ్గర పనిచేసేవారికి తీసిన పాలసీ అయితే అది వ్యాపార ఖర్చే.

ఆరో అడుగు: ఆగిపోయిన రాబడికి ఏమిటి దారి?

హెల్త్ పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది. మూసిన షాపు అద్దె కట్టదు, బండి ఈఎంఐ కట్టదు. సొంత పని చేసుకునేవారు ఈ భాగాన్ని మరిచిపోతారు, ఏజెంట్లూ పెద్దగా చెప్పరు.

మొదట వ్యక్తిగత ప్రమాద బీమా. తీసుకునేటప్పుడు మరణానికి ఎంత ఇస్తారన్నదే చూడకండి. ‘తాత్కాలిక పూర్తి వైకల్యం’ అనే భాగం ఉందా అని చూడండి. కాలు విరిగి మూడు నెలలు పని చేయలేకపోతే వారానికి ఇంత అని ఇచ్చేది అదే. 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన మంచిదే, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి, కానీ అందులో ఈ వారవారీ చెల్లింపు లేదు.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం లాంటి జాబితాలోని జబ్బు నిర్ధారణ అయితే మొత్తం ఒకేసారి చేతికిస్తుంది. ఆసుపత్రి బిల్లుతో సంబంధం లేదు. ఇంటి ఖర్చుకు వాడుకోవచ్చు. ఆ జబ్బు ఏ స్థాయిలో ఉంటే ఇస్తారన్నది, నిర్ధారణ తర్వాత ఎన్ని రోజులు బతికి ఉండాలన్న షరతు ఉందా అన్నది చదవండి. రోజుకు ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ మూడోది. రోజుకూలీ లాంటి రాబడి ఉన్నవారికి అది ఉపయోగం, మిగతావారు ఆ డబ్బుతో బీమా మొత్తం పెంచుకోవడం మేలు.

వీటన్నిటికంటే ముందు నాలుగైదు నెలల ఇంటి ఖర్చు, షాపు ఖర్చు బ్యాంకులో పక్కన ఉండాలి. క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) కుదరని రోజున రీయింబర్స్‌మెంట్ (మనం కట్టింది కంపెనీ తిరిగి ఇవ్వడం) వచ్చేదాకా ఆదుకునేదీ ఆ డబ్బే.

ఏడో అడుగు: కంపెనీని ఎలా తూచాలి?

99 శాతం క్లెయిములు చెల్లించామని ప్రతి కంపెనీ ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఎన్ని చెల్లించారన్నదొకటే కాదు, అడిగిన మొత్తంలో ఎంత చెల్లించారన్నదీ తెలియాలి. ఐఆర్‌డీఏఐ ఏటా వార్షిక నివేదికలో కంపెనీలవారీగా అంకెలు ఇస్తుంది. బీమా ఓంబుడ్స్‌మన్‌ల (బీమా ఫిర్యాదులు విచారించే అధికారుల) వార్షిక నివేదికలో ఏ కంపెనీ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఉంటుంది. పెద్ద కంపెనీకి ఫిర్యాదులు ఎక్కువే వస్తాయి, కాబట్టి దాని పాలసీదారుల సంఖ్యతో పోల్చి చూడాలి. ఒక ఏడాది చూసి తీర్పు చెప్పకండి, మూడేళ్లవి చూడండి.

నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఖ్య పదివేలా, పదిహేనువేలా అన్నది మీకు అనవసరం. మీరు వెళ్లే ఆ రెండు మూడు ఆసుపత్రులు ఉన్నాయా లేవా అన్నదే కావాలి. వెబ్‌సైట్ జాబితాతో ఆగకండి. ఆ ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరకు వెళ్లి, ఏ కంపెనీ క్లెయిములు త్వరగా తెములుతున్నాయో, ఏవి సతాయిస్తున్నాయో అడగండి. రోజూ ఆ పనే చేసేవాళ్లు వాళ్లు. ఇంత పనికొచ్చే సమాచారం ఏ రేటింగ్‌లోనూ దొరకదు.

ఏజెంటు దగ్గరా, ఆన్‌లైన్‌లోనా? క్లెయిమ్ రోజున ఫోన్ ఎత్తి ఆసుపత్రికి వచ్చే ఏజెంటు మీకు తెలిసి ఉంటే ఆయన దగ్గరే కొనండి. అలాంటివారు లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో నేరుగా కొనొచ్చు.

ఎనిమిదో అడుగు: పాలసీ చేతికొచ్చాక

మొదటి 30 రోజులు ఫ్రీ లుక్. నచ్చకపోతే వెనక్కిచ్చేయొచ్చు, గడిచిన రోజుల వాటా, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది ఇస్తారు. ఆ గడువులోనే ప్రపోజల్ ఫారం కాపీ తెరిచి పేర్లు, పుట్టిన తేదీలు, చెప్పిన జబ్బులు అన్నీ సరిగ్గా ఎక్కాయో లేదో చూడండి. తప్పుంటే ఈమెయిల్‌లో రాసి సరిచేయించండి. పాలసీ కాపీ, హెల్త్ కార్డు, హెల్ప్‌లైన్ నంబరు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉండాలి. ఆసుపత్రిలో పడి ఉన్న మనిషి తన ఫోన్ లాక్ తీసి ఇవ్వలేకపోవచ్చు.

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరం అయితే చేరిన 24 గంటల్లోగా కంపెనీకి తెలియజేసేయండి. 2024 మేలో వచ్చిన ఆదేశాల ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి అడిగిన గంటలో చెప్పాలి, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆ మూడు గంటలు దాటి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. ఈ సంగతి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర నెమ్మదిగా గుర్తు చేస్తే పని కదులుతుంది.

కంపెనీ నచ్చకపోతే పాలసీ మానేయక్కర్లేదు, పోర్ట్ చేసుకోవచ్చు. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే కొత్త కంపెనీకి దరఖాస్తు ఇవ్వండి. పాత పాలసీ మొత్తం వరకు గడిచిన వెయిటింగ్ కాలం కొత్తదాంట్లో కలుస్తుంది, పెంచుకున్న అదనపు మొత్తానికి మాత్రం మళ్లీ మొదటి నుంచి. కొత్త కంపెనీ ఒప్పుకుని పాలసీ చేతికిచ్చే వరకు పాతది వదలకండి. క్లెయిములు ఎక్కువ చేశారన్న కారణంతో పాత కంపెనీ రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ‘కుదరదు’ అన్న ఫోన్ మాటతో ఆగకండి. పాలసీలోని ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. కంపెనీ లోపలి సమీక్ష కమిటీ ఒప్పుకోకుండా తిరస్కరించకూడదు కూడా. ఆ లేఖ తీసుకుని ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఓంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆయనకుంది. తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులు చూసే కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరును పెట్టుకోనక్కర్లేదు. తిరస్కరణ లేఖ, పాలసీ కాపీ, ప్రపోజల్ ఫారం, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, కంపెనీతో నడిచిన ఈమెయిళ్లు తేదీల వరసలో పెట్టి, జరిగింది ఒకటిన్నర పేజీలో రాసి జతచేయండి.